బొంతకు లేబుల్: ఎవరి చీరలు, ఎవరి చేతి కుట్టు, ఏ ఏడు

బజారులో కొన్న దుప్పటికి ఒక మూల కంపెనీ పేరు ఉంటుంది. ఇంట్లో కుట్టిన బొంతకు ఏమీ ఉండదు. పైన అమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర, మధ్యలో నాన్న పంచె, అడుగున అమ్మమ్మ చీర. కుట్టినవాళ్లకు ప్రతి పొరా తెలుసు. తరవాత వచ్చేవాళ్లకు అది ఉత్త పాత బొంత. ఇల్లు సున్నం వేసేటప్పుడు అటక మీంచి దించి, ఎవరిదో తెలియక ఎవరికో ఇచ్చేస్తారు. చేతి వెడల్పు గుడ్డ ముక్క మీద నాలుగు మాటలు రాసి కుడితే ఆ బొంత ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

లేబుల్ చెయ్యడానికి మిషను అక్కర్లేదు. కానీ మన ఇళ్లలో బొంతను వేడినీళ్లలో సోడా వేసి నానబెడతారు, బండ మీద బాదుతారు, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేస్తారు. ఏ పద్ధతిలో చేసినా లేబుల్ వీటన్నిటికీ తట్టుకోవాలి. కింద చెప్పినవన్నీ అది మనసులో పెట్టుకుని చెప్పినవే.

ముందు మాటలు తేల్చుకోండి

సూది పట్టుకునే ముందు ఒక కాగితం మీద రాయండి. ఎవరి బట్టలు, ఎవరు కుట్టారు, ఎవరికోసం, ఏ ఏడు, ఏ ఊరు. ఈ ఐదూ ఉంటే లేబుల్ నిండినట్టే. చోటు చాలకపోతే మొదటి రెండూ ఉంచి మిగతావి వదిలెయ్యండి. ముక్కలను డిజైనుగా పేర్చి కుట్టేవాళ్లు ఆ డిజైను పేరు కూడా లేబుల్ మీద రాసుకుంటారు. మన బొంతకు అలాంటి పేరు ఉండదు, దాని విలువంతా అందులోని బట్టల్లోనే ఉంది. అందుకే నా దృష్టిలో "ఎవరి చీరలు" అన్నదే మొదటి వరస.

ఉదాహరణకు ఇలా:

అమ్మమ్మ నేత చీరలు రెండు, తాతగారి పంచె ఒకటి
కుట్టింది పెద్దమ్మ
పెద్దమ్మాయి పురుటికి
రాజాం, 2025

ఇందులో ఒక లోపం ఉంది. అమ్మమ్మ అంటే ఎవరికి అమ్మమ్మ? ఇంట్లో ఈరోజు అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ల తరవాత ఆ బొంత మనవరాలి ఇంట్లో ఉంటే, ఆమె తన అమ్మమ్మ అనుకుంటుంది. కాబట్టి వరసతోపాటు పేరు కూడా రాయండి. ఇంటిపేరు పొడి అక్షరాల్లో కాక పూర్తిగా రాస్తే ఇంకా మంచిది.

డబ్బులిచ్చి ఊళ్లో ఎవరిచేతనైనా కుట్టిస్తే, కుట్టింది ఆవిడ అనే రాయండి. "కుట్టించింది ఫలానా" అని మన పేరు ఒక్కటే వేసుకోవడం సరికాదు. వంగిన నడుముతో రోజుల తరబడి నేల మీద కూర్చుని కుట్టిన మనిషి ఆవిడ. ముందుగా ఆవిడని అడిగి, పేరు ఎలా రాయమంటే అలా రాయండి.

చదువు రాని అమ్మమ్మ కుట్టిన బొంత అయితే ఆవిడ గుర్తు ఏదైనా వెయ్యవచ్చు. ఆవిడ రోజూ వాకిట్లో పెట్టే చుక్కల ముగ్గు చిన్నదిగా దారంతో కుడితే చాలా బాగుంటుంది. చుక్కకు ఒక ముడి కుట్టు (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి), గీతకు కాడ కుట్టు (ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తాడులా సాగే కుట్టు). ఆవిడచేతే కాగితం మీద ముగ్గు వేయించి దాన్నే గుడ్డ మీదకు దించండి. చదువుకున్నవాళ్లయితే వాళ్ల దస్తూరీలోనే పేరు రాయించుకోండి. పాత ఉత్తరంలో సంతకం దొరికినా సరే. కంప్యూటర్ అక్షరాల కన్నా ఇదే నాకు నచ్చుతుంది.

ఏడు రాసేటప్పుడు అంకెలు తప్పనిసరి. పెద్దవాళ్లు క్రోధి అనో విశ్వావసు అనో చెబుతారు. అదీ రాయండి, కానీ అది ఒక్కటే రాస్తే చాలదు. ఆ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. క్రోధి అంటే 1964-65 కావచ్చు, 2024-25 కావచ్చు.

ఊరి విషయంలో మన ఉత్తరాంధ్ర వైపు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. 2022లో మళ్లీ జిల్లాలు మారాయి. పార్వతీపురంలో 1975లో కుట్టిన బొంత శ్రీకాకుళం జిల్లాది. అదే ఇంట్లో 1995లో కుట్టింది విజయనగరం జిల్లాది. ఇప్పుడు కుడితే పార్వతీపురం మన్యం జిల్లాది. రాజాం కూడా 2022లోనే శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అందుకని జిల్లా పేరు మీద ఆధారపడకండి. ఊరి పేరు, దానికి దగ్గరి పట్నం పేరు రాస్తే ఎప్పటికైనా తెలుస్తుంది.

పాత బొంతకు ఇప్పుడు లేబుల్ వేస్తుంటే ఏడు గుర్తుండకపోవచ్చు. "ఎప్పుడు కుట్టావమ్మా?" అంటే జవాబు రాదు. "హుదూద్ తుఫానుకు ముందా, తరవాతా?" అంటే వస్తుంది. అది 2014 అక్టోబరు. ఉద్దానం, పలాస వైపు వాళ్లను తిత్లీ గురించి అడగండి. అది 2018 అక్టోబరు. ఇంకా వెనక్కి వెళ్లాలంటే ఎవరు కడుపులో ఉన్నప్పుడు, ఎవరి పెళ్లికి ముందు అని అడుగుతూ పోవాలి. తేలిన ఏడు పక్కన "సుమారు" అని రాయండి.

ఫోను నంబరు, ఇంటి చిరునామా, పిల్లల పూర్తి పుట్టినతేదీ లేబుల్ మీద వద్దు. బొంత చేతులు మారుతుంది, హాస్టలుకు వెళుతుంది, బయటకు ఉతుకుకు వెళుతుంది.

గుడ్డ ఎంపిక

తెల్లదో లేత గంధపు రంగుదో నూలు గుడ్డ కావాలి. పాలిస్టర్ కలిసిన గుడ్డ మీద పెన్ను సిరా సరిగ్గా ఇంకదు, ఇస్త్రీ వేడి కూడా తట్టుకోదు. సందేహంగా ఉంటే అంచునుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

చుట్టుపక్కల ఇళ్లలో పొందూరు ఖద్దరు పంచె ముక్కలు ఉంటాయి. పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేసి, చేత్తో వడికి నేసిన గుడ్డ అది. తాతగారి పంచె అంచు చిరిగితే మిగతా భాగం లేబుల్‌కు చక్కగా పనికొస్తుంది. అయితే సన్నం నూలుది బాగా పలచగా ఉంటుంది. ఒక్క పొర వేస్తే కింది చీర పువ్వులు పైకి కనిపించి అక్షరాలు చదవడం కష్టమవుతుంది. కాబట్టి రెండు పొరలు వెయ్యాలి. చేనేత పోగు అక్కడక్కడ లావూ సన్నమూ అవుతుంది కాబట్టి పోగులు లెక్కపెట్టి వేసే క్రాస్ స్టిచ్‌కు అది కుదరదు. కాడ కుట్టుకు ఏ ఇబ్బందీ లేదు.

కొత్త గుడ్డ అయితే ముందు ఉతికి తీరాలి. గంజి పోవాలి, కుంచించుకుపోయేదేదో ఇప్పుడే కుంచించుకుపోవాలి. ఉతక్కుండా కుడితే మొదటి ఉతుకులోనే లేబుల్ ముడుచుకుని చుట్టూ బొంత ఉబ్బుతుంది. గంజి మీద రాసిన సిరా కూడా గంజితోపాటే పోతుంది. వేడినీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే ఇస్త్రీ చెయ్యండి.

కత్తిరించేటప్పుడు పోగు వెంట వెళ్లాలి. కావలసినచోట ఒక పోగు పట్టుకుని లాగితే గుడ్డలో సన్నని గీత పడుతుంది. ఆ గీత మీద కత్తెర వేస్తే మూలలు వంకర పోవు.

పెద్ద బొంతకు తయారైన లేబుల్ సుమారు 12 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉంటే సరిపోతుంది. చంటిపిల్లల బొంతకు 8కి 6 చాలు. చుట్టూ మడతకు ఒకటిన్నర సెం.మీ. కలుపుకోండి. ఎంబ్రాయిడరీ రింగులో బిగించి కుట్టాలనుకుంటే ఇప్పుడే ముక్క కొయ్యకండి. పెద్ద గుడ్డ మీదే అక్షరాలు కుట్టి, అంతా అయ్యాక కొయ్యండి.

తెలుగు అక్షరానికి ఎంత చోటు

ఇంగ్లీషు అక్షరాలకు చెప్పిన కొలతలు మనకు పనికిరావు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. విజయనగరం అని రాయండి. ఒత్తు లేదు, కొమ్ము లేదు, ఒక వరసలో ఒదిగిపోతుంది. శ్రీకాకుళం రాస్తే మొదటి అక్షరానికే కింద చోటు కావాలి. నెల్లిమర్లలో రెండు ఒత్తులు. ఇచ్ఛాపురంలో చ కింద ఛ ఒత్తు. ఆ ఊరి పేరు చిన్న అక్షరాల్లో దారంతో కుట్టడం నిజంగా కష్టం.

దారంతో కుట్టేటప్పుడు అక్షరం కడుపు, అంటే గుడి, ఒత్తు కాక మధ్య భాగం, ఒక సెంటీమీటరు ఎత్తు ఉండాలి. అంతకన్నా తగ్గితే తేడాలు పోతాయి. ద కింద చిన్న గీత పడితే ధ, ప లోపల గీత పడితే ష. ఠ, థ కడుపులో చుక్క ఉండాలి. వు, మ రెండూ దగ్గరగా ఉంటాయి. మనిషి పేరులో అక్షరం మారితే పేరే మారిపోతుంది. వరసకూ వరసకూ మధ్య, ఒక అడుగు గీత నుంచి ఇంకో అడుగు గీతకు రెండు సెంటీమీటర్లు వదలండి. పెన్నుతో అయితే అక్షరం అర సెంటీమీటరు, వరసల మధ్య ఒకటింబావు చాలు.

ఈ లెక్కన 12 సెం.మీ. వెడల్పులో దారంతో వరసకు ఎనిమిది, తొమ్మిది అక్షరాలు పడతాయి, నాలుగు వరసలు పడతాయి. అంతకు మించి రాయాలని ఉంటే రెండు పద్ధతులూ కలపండి. పేర్లు, ఏడు దారంతో. ఎవరి చీర ఏ పొరలో ఉంది, ఏ సందర్భం అన్న వివరమంతా కింద పెన్నుతో. నేను చెప్పే పద్ధతుల్లో ఇదే అన్నిటికన్నా మేలైనది. పెన్ను వరసలు ఎప్పటికైనా వెలిసినా పేర్లు నిలుస్తాయి.

అచ్చు దించడం

మాటలను అసలు సైజులో కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాయండి. పగటిపూట కిటికీ అద్దానికి ఆ కాగితాన్ని టేపుతో అంటించి, పైన గుడ్డ అంటించండి. వెలుతురుకు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. సన్నగా చెక్కిన పెన్సిలుతో తేలిగ్గా దిద్దండి. తెల్ల గుడ్డకు ఇంతకన్నా సులువైన దారి లేదు.

ముదురు రంగు గుడ్డ అయితే ఎంబ్రాయిడరీకి వాడే పసుపు కార్బన్ కాగితం వాడండి. మగ్గం వర్కు చేసేవాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. ట్రేసింగ్ పేపరు మీది గీతల వెంట సూదితో సన్న రంధ్రాలు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డపీలికతో రుద్దుతారు. చుక్కచుక్కలుగా అచ్చు దిగుతుంది. ఒకే పేరు నాలుగైదు బొంతలకు కావాలంటే ఇది మంచిది, ఆ కాగితం మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

టైలరింగ్ సామాను కొట్లో ఇస్త్రీ పెడితే చెరిగిపోయే పెన్నులు అమ్ముతారు. అచ్చు గీసుకోవడానికి అవి బాగుంటాయి. లేబుల్ రాయడానికి మాత్రం పొరపాటున కూడా వాడకండి. నీళ్లతో పోయే నీలిరంగు పెన్నుతో గీస్తే ఇస్త్రీకి ముందే చల్లటి నీళ్లలో ముంచి గీతలు పోగొట్టాలి. ముందు ఇస్త్రీ పెడితే ఆ మరక అక్కడే ఉండిపోవచ్చు.

పెన్నుతో రాసే లేబుల్

సాయంత్రానికి అయిపోవాలంటే ఇదే దారి. బాల్ పెన్ను, మామూలు స్కెచ్ పెన్ను వద్దు. మొదటిది పాకుతుంది, రెండోది నీళ్లు తగలగానే కారిపోతుంది. కొరియర్ పొట్లాల మీద రాసే పర్మనెంట్ మార్కరు కూడా గుడ్డ మీద కొన్నాళ్లకు పక్కలకు పాకి పసుపు చార పెడుతుంది. బట్టల మీద రాయడానికని అమ్మే ఫ్యాబ్రిక్ మార్కరు గాని, పిగ్మెంట్ సిరా ఉన్న డ్రాయింగ్ పెన్ను గాని తీసుకోండి. డ్రాయింగ్ పెన్నుల మీద 01, 05, 08 అని ఉంటాయి. తెలుగుకు 05 సరైనది. 01 మొన గుడ్డ పోగుల్లో ఇరుక్కుంటుంది.

బట్టల మీద చెరగని గుర్తు మన వాళ్లకు కొత్త కాదు. రజకులు ఏ ఇంటి బట్టలు ఏవో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవారు. సున్నం తగిలితే ఆ రసం నల్లగా మారి ఎన్ని ఉతుకులకైనా పోదు. అది చూసి ఇంట్లో ప్రయత్నించకండి. ఆ రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, రోజూ కప్పుకునే బొంత మీద అది అసలు కూడదు.

రాసే పద్ధతి ఇది. గుడ్డ వెనక సన్నని ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే జిగురు గుడ్డ) ముక్కను ఇస్త్రీతో అతికించండి, గుడ్డ గట్టిపడి పెన్ను జారదు. ఫ్యూజింగ్ దొరక్కపోతే గుడ్డను గరుకు కాగితం మీద పరిచి నాలుగు వైపులా టేపు వెయ్యండి. పెన్నును నొక్కి పట్టకండి, ఒకచోట ఆపకండి. ఆపినచోట సిరా మచ్చ కడుతుంది. తేలిగ్గా ఒకసారి రాసి, ఆరాక మళ్లీ అదే గీత మీద రెండోసారి రాయండి. తలకట్టు చివర్లో వెయ్యండి, అప్పుడు వరస తిన్నగా వస్తుంది.

రాసింది ఒక రోజంతా ఆరనివ్వండి. వానాకాలం అయితే ఇంకో రోజు. తరవాత పైన పలచటి గుడ్డ వేసి, నీళ్లు చల్లకుండా, నూలు వేడి మీద ఒక్కోచోట కొద్దిసేపు నొక్కి పెడుతూ మొత్తం నాలుగైదు నిమిషాలు ఇస్త్రీ చెయ్యండి. వెనకవైపునుంచీ ఒకసారి. మూడు రోజులు తడి తగలనివ్వకండి. మార్కరు పెట్టె మీద వేరే విధంగా రాసి ఉంటే అదే పాటించండి.

అసలు లేబుల్‌కు ముందు అదే గుడ్డ ముక్క మీద అదే పెన్నుతో రెండు మాటలు రాసి, ఇంట్లో బట్టలతోపాటు నాలుగైదుసార్లు ఉతికించి ఎండలో ఆరెయ్యండి. దుకాణదారు చెప్పిన మాట కన్నా ఈ ముక్క చెప్పేది నమ్మవచ్చు.

దారంతో కుట్టే లేబుల్

తీరిక ఉంటే ఇదే చెయ్యండి. ఎండకు, సోడాకు, బండకు ఓర్చేది ఇదే.

దారం ఆరు పోగుల నూలు ఎంబ్రాయిడరీ దారం, మన కొట్లలో యాంకర్ దారం అంటే ఇస్తారు. శ్రీకాకుళం జీటీ రోడ్డులోనో విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలో లేసులు, దారాలు అమ్మే కొట్టు ఏదైనా చాలు. ఒక లచ్చి 8 మీటర్లు ఉంటుంది, ఒక లేబుల్‌కు సరిపోయి మిగులుతుంది. మెరిసే సిల్కు దారం చూడ్డానికి బాగుంటుంది గాని బండ దెబ్బకు పీచు లేస్తుంది. రంగు నలుపు, ముదురు నీలం, ముదురు గోధుమ. ఎరుపు, మెరూన్ తీసుకుంటే ముందు తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి రంగు దిగుతుందేమో చూడండి.

ఆరు పోగుల్లోంచి రెండే తీసి వాడండి. మోచేతి పొడుగు దారం, అంటే 40-45 సెంటీమీటర్లు. ఇంకా పొడుగు తీసుకుంటే గుడ్డలోంచి పదేపదే వచ్చి చివరికి నలిగిపోతుంది. సూది 7 లేదా 8 నంబరు ఎంబ్రాయిడరీ సూది. బొంత కుట్టే లావు సూది వద్దు, గుడ్డలో రంధ్రాలు కనిపిస్తాయి. రింగులో గుడ్డను బిగువుగా పట్టించండి. పని ఆపినప్పుడల్లా రింగు తీసెయ్యండి, లేకపోతే గుడ్డ మీద వలయం పడి పోదు.

ఇక కుట్టు. తెలుగు అక్షరం అంతా వంపు. వంపుకు కాడ కుట్టు చాలా బాగా కుదురుతుంది. రెండు మిల్లీమీటర్ల కుట్టు, మలుపులో ఒకటిన్నర. దారం ఎప్పుడూ గీతకు ఒకే పక్కన ఉండాలి. ఒక కుట్టుకు కుడిపక్క, ఇంకో కుట్టుకు ఎడమపక్క అయితే తాడులా కనిపించాల్సిన గీత ముక్కలుగా కనిపిస్తుంది. ఒత్తుల్లాంటి చిన్న భాగాలకు వెనక్కి వేసి ముందుకు వచ్చే కుట్టు వాడండి, అది సన్నగా ఉంటుంది. గొలుసు కుట్టు చాలామందికి చేతికి అలవాటు. కానీ దాని వెడల్పు వల్ల చిన్న అక్షరాల కడుపు మూసుకుపోతుంది. రెండు సెంటీమీటర్ల కన్నా పెద్ద అక్షరాలకే అది. పెద్ద పేరు ఒక్కటే కుట్టే చంటిపిల్లల బొంతకు గొలుసు కుట్టు అందంగా ఉంటుంది.

వరస ఇలా పాటిస్తే పని తేలికవుతుంది. ఒక అక్షరాన్ని చేత్తో ఎలా రాస్తామో అదే దారిలో సూది నడపండి. ముందు కడుపు, తరవాత గుడి లేదా కొమ్ము, తరవాత ఒత్తు, చివర తలకట్టు. ఒక అక్షరం అయ్యాక పక్క అక్షరం సెంటీమీటరు లోపే ఉంటే వెనకనుంచి దారం తీసుకెళ్లవచ్చు. అంతకన్నా దూరమైతే దారం ముగించి మళ్లీ మొదలుపెట్టండి. తెల్లగుడ్డ వెనక ఈడ్చిన నల్లదారం ముందుకు నీడలా కనిపిస్తుంది.

మొదట్లో, చివర్లో ముడి మీద నమ్మకం పెట్టుకోకండి. బండ మీద ముడి విడుతుంది. దారం కొసను వెనకవైపు నాలుగైదు కుట్ల కిందనుంచి దూర్చి, మళ్లీ వెనక్కి ఒకసారి దూర్చి కత్తిరించండి. ఠ లోని చుక్కకు, సున్నా లోపల పువ్వుకు ముడి కుట్టు వేస్తే రెండు చుట్లు చాలు. మూడు చుడితే అది ఎత్తుగా లేచి దేనికో తట్టుకుంటుంది.

అంతా అయ్యాక చల్లటి నీళ్లలో సబ్బుతో తేలిగ్గా పెన్సిలు గీతలు పోయేలా కడగండి. మడతపెట్టిన తువ్వాలు మీద కుట్టు కిందికి వచ్చేలా పెట్టి వెనకనుంచి ఇస్త్రీ చెయ్యండి. పైనుంచి చేస్తే కుట్లు చదునైపోతాయి.

ప్రింటు వేయించాలనుకుంటే

కప్పుల మీద, టీషర్టుల మీద ఫొటోలు వేసే దుకాణాలు ఇప్పుడు ప్రతి పట్నంలో ఉన్నాయి. వాళ్లలో చాలామంది వాడే రంగు పాలిస్టర్‌కే పడుతుంది, నూలుకు పట్టదు. కాబట్టి నూలు ముక్క తీసుకెళ్లి వేయమంటే ఉతికిన వెంటనే వెలిసిపోతుంది. పాలిస్టర్ శాటిన్ రిబ్బన్ మీద వేయిస్తే నిలుస్తుంది. అమ్మమ్మ ఫొటో వెయ్యాలని ఉంటే అది మంచి ఉపాయం. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటరు రంగులు చాలావరకు నీళ్లకు కారిపోయేవే. వందలకొద్దీ నేసిన లేబుళ్లు ఆర్డరు ఇవ్వడం బొంతలు అమ్మేవాళ్లకు సరే, ఇంటికి అక్కర్లేదు. ఒక్కో బొంతలో బట్టలు వేరు కదా.

అంచు తిప్పడం

లేబుల్ అంచు మడిచి కుట్టడం అందరికీ వచ్చు. నేను చెప్పేది ఇంకొంచెం గట్టి పద్ధతి. రాసిన ముక్క అంతే ఇంకో నూలు ముక్క తీసుకోండి. రెండిటినీ ఎదురెదురుగా, రాసిన వైపు లోపలికి వచ్చేలా పెట్టి, నాలుగు వైపులా పూర్తిగా కుట్టెయ్యండి. మూలల దగ్గర అదనపు గుడ్డ ఏటవాలుగా కత్తిరించండి. తరవాత వెనక ముక్క నడిమధ్యలో మాత్రమే చిన్న గాటు పెట్టి, దానిలోంచి మొత్తం లోపలిది బయటికి తిప్పండి. మూలలు సూది మొనతో కాక, మొద్దు పుల్లతో తొయ్యండి. ఇస్త్రీ చేస్తే పోగు బయటకు కనిపించని శుభ్రమైన అంచు వస్తుంది. గాటు బొంతవైపు ఉండిపోతుంది. రెండు పొరలు ఉంటాయి కాబట్టి కింది చీర పువ్వులు కనిపించవు, ఎంబ్రాయిడరీ వెనక దారాలు కూడా దాగుతాయి.

ఎక్కడ కుట్టాలి

లేబుల్‌ను చాలామంది కాళ్లవైపు మూలలో వెయ్యమంటారు, ముఖానికి తగలదని. మన ఇంట్లో అది కుదరదు. అక్షరానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే వాళ్లం, పేరు రాసిన గుడ్డను కాళ్ల కింద ఎలా పెడతాం? తలవైపే వెయ్యండి, బొంత వెనకవైపు, కుడి మూలకు జానెడు లోపల. మధ్యలో వేస్తే తలకు రాసుకున్న కొబ్బరినూనె అంటుతుంది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఏది తలవైపో ఏది కాళ్లవైపో చీకట్లో తడిమినా తెలుస్తుంది.

కొత్త బొంత అయితే పొరలు పేర్చకముందే లేబుల్‌ను అడుగు చీరకు కుట్టెయ్యండి. తరవాత బొంత కుట్టు దాని మీదుగా కూడా వెళ్లనివ్వండి, అక్షరాలు తప్పించి. అప్పుడది బొంతలో భాగమైపోతుంది. ఎవరూ తేలిగ్గా ఊడదీయలేరు.

మూల పట్టీ ఇంకా సులువు. 14 సెం.మీ. చదరపు ముక్కను ఐమూలగా మడిచి త్రికోణం చెయ్యండి. మడత అంచు బొంత లోపలివైపు, కోసిన రెండు పక్కలు బొంత మూల అంచుల మీద. బొంత అంచు చుట్టూ పైపింగ్ పట్టీ వేసేటప్పుడు రెండు పక్కలూ అందులోకి వెళ్లిపోతాయి. మడత అంచు ఒక్కటే చేత్తో కుట్టాలి. రాత మాత్రం మడతకు దగ్గరగా, పట్టీ కింద పోయే రెండు సెంటీమీటర్లు వదిలి ఉండాలి. మూల పట్టీకి రెండు వరసలే పడతాయి.

పాత బొంతకైతే గుండుసూదులతో నిలిపి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి, గుండుసూదులు తీసెయ్యండి. చుట్టూ మూడు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున హెమ్మింగ్ వెయ్యండి. మూలల్లో ఒకేచోట మూడు కుట్లు. తరవాత అంచుకు అర సెంటీమీటరు లోపల బొంత దారంతోనే, అన్ని పొరల్లోంచి వెళ్లేలా మామూలు బొంత కుట్టు ఒక వరస. చివరగా కచ్చా కుట్లు విప్పండి. జిగురుతో అంటించకండి. తడికి ఊడుతుంది, ఊడకపోతే అట్టలా గట్టిపడుతుంది. పాత చీర బాగా నలిగి చిరుగు పట్టి ఉంటే, లేబుల్‌ను దాని మీద కుడితే చీరే తెగుతుంది. అప్పుడు చిరగని పొర దొరికేదాకా సూది దింపండి, లేదా పట్టీ అంచుకే కుట్టండి.

చంటిపిల్లల బొంత

పురుటికి పుట్టింట్లో కుట్టే బొంత మెత్తగా ఉండాలి. ఫ్యూజింగ్, మార్కరు, ప్రింటు ఏవీ వద్దు. పిల్లలు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. ఉతికి ఉతికి మెత్తబడిన తెల్ల నూలు ముక్క, దారంతో పేరు. పూసలు, చెమ్కీలు, గుండీలు ఏ రూపంలోనూ పెట్టకండి. లేబుల్ నాలుగు వైపులా పూర్తిగా కుట్టి ఉండాలి, వేలు దూరే సందు ఉండకూడదు. కుట్టడం అయ్యాక వేలి కొసతో అంతా తడిమి గుండుసూదులు లెక్కపెట్టుకోండి. పేరు బారసాల దాకా తెలియదు కాబట్టి, ముందు బట్టలు ఎవరివో, కుట్టింది ఎవరో కుట్టి ఉంచి, పేరు వరస ఖాళీగా వదలండి. బారసాల అయ్యాక అక్కడే, బొంత మీదనే కుట్టుకోవచ్చు. పై పొరకే సూది తగిలేలా చూసుకుంటే చాలు.

ఉతకడం

లేబుల్ ఉన్న బొంతకు బ్లీచింగ్ పొడి వాడకండి. బండ మీద బాదేటప్పుడు లేబుల్ ఉన్న మూల లోపలికి మడవండి. ఆరేసేటప్పుడు ఆ వైపు ఎండకు కాక నేలవైపు ఉంచండి. నల్లదారం కూడా ఏళ్ల తరబడి ఎండ తగిలితే బూడిదరంగుకు తిరుగుతుంది.

బొంత పూర్తిగా చిరిగిపోతే మన ఇళ్లలో దాన్ని పారెయ్యరు. పైన కొత్త చీర, కింద కొత్త చీర వేసి, పాత బొంతను మధ్య పొరగా పెట్టి మళ్లీ కుడతారు. అలా చేసే ముందు పాత లేబుల్ కుట్లు సన్న కత్తెరతో ఒక్కొక్కటిగా తెంపి ఊడదీయండి. దాన్ని కొత్త అడుగు చీర మీద మళ్లీ కుట్టి, కింద ఇంకో లేబుల్ చేర్చండి. కొత్తగా వేసిన చీరలు ఎవరివి, ఈసారి కుట్టింది ఎవరు, ఏ ఏడు అన్నవి రెండోదాని మీద. పాత లేబుల్ మీది అక్షరాలు వెలిసి ఉంటే అవే రంధ్రాల్లోంచి కొత్త దారం నడిపించవచ్చు, ఆ గీతే దారి చూపిస్తుంది.